వాన్ కోర్ట్‌లాండ్ పార్కు: గోల్ఫ్ చూద్దామని వెళ్తే వాగు వెంట పడ్డాను

న్యూయార్క్ వెళ్ళొచ్చానని తెలిసిన ప్రతివాళ్ళూ టైమ్స్ స్క్వేర్ ఫొటోలు చూపించమంటున్నారు. ఉన్నాయి గానీ, అవి అందరి ఫోన్లలోనూ ఉండేవే. నేను ఎక్కువ తిరిగింది ఆ హడావుడికి బాగా ఉత్తరాన, బ్రాంక్స్‌లో, వాన్ కోర్ట్‌లాండ్ పార్కులో. అక్కావాళ్ళు ఉండేది ఆ పార్కు తూర్పు అంచున నార్‌వుడ్ పేటలో. అక్క ఆసుపత్రిలో షిఫ్టు డ్యూటీలు చేస్తుంది, బావగారు ఖాళీ దొరికితే చాలు గోల్ఫ్ కర్రల సంచీ భుజాన వేసుకుని మాయమవుతారు. గోల్ఫ్ అంటే నా బుర్రలో ఉన్నది లక్షల్లో మెంబర్‌షిప్పు, గేటు దగ్గర సెల్యూట్ కొట్టే వాచ్‌మన్. ఆ మాటంటే బావగారు నవ్వి, "ఇక్కడ బస్సు డ్రైవర్లు ఆడతారయ్యా, రా చూద్దువుగాని" అన్నారు. 1895 జూలై 6న మొదలైన కోర్సు అది. అమెరికాలో అందరికీ తెరిచి పెట్టిన గోల్ఫ్ మైదానాల్లో అన్నిటికన్నా పాతది. తీరా వెళ్తే గోల్ఫ్ ఒక పాలు, మిగతాది మూడు పాళ్ళు దొరికింది. మొన్ననే విజయవాడ చేరాను, జెట్‌లాగ్‌తో రాత్రి రెండింటికే మెలకువ వచ్చేస్తోంది, ఆ టైములో కూర్చుని రాస్తున్నదే ఇది.

సెప్టెంబరు 13, శనివారం: బ్రాడ్‌వే వైపు

మ్యాపులో చూస్తే అక్కావాళ్ళ ఇంటి నుంచి పార్కు పడమటి గట్టున ఉన్న బ్రాడ్‌వే రోడ్డుకి వేలెడు దూరం. నడిస్తే గానీ తెలియదు. పార్కు మొత్తం 1,146 ఎకరాలు, కానీ ఒకటే ముక్కగా లేదు. హెన్రీ హడ్సన్ పార్క్‌వే, మొషోలు పార్క్‌వే, మేజర్ డీగన్ ఎక్స్‌ప్రెస్‌వే మూడూ దాన్ని అడ్డంగా నిలువుగా కోసుకుంటూ పోతాయి. నడిచేవాడు ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి వెళ్ళాలంటే వంతెన ఎక్కడుందో, రోడ్డు కింద దారి ఎక్కడుందో వెతుక్కోవాలి. మధ్యలో గోల్ఫ్ కోర్సు, దానికి కంచె. బాణం గుర్తు చూపించిన బాట పట్టుకుని పోతే అది తిప్పి తిప్పి ఎక్స్‌ప్రెస్‌వే మీదికి కార్లు ఎక్కే చోటికి తెచ్చి నిలబెట్టింది. కుక్కను తిప్పుతున్న ఒకావిడ "అందరూ ఇక్కడికే వస్తారు" అని దారి చూపించింది. అంత మామూలు సంగతన్నమాట.

పడమటి వైపు పెరేడ్ గ్రౌండ్ ఉంది. నగరం 1888లో ఈ భూమిని పార్కు కోసం తీసుకున్నాక సైనికుల కవాతుకి వాడిన మైదానం. అంతకుముందు వాన్ కోర్ట్‌లాండ్ కుటుంబం వాళ్ళ పొలం, ఇంకా ముందు లెనాపే అనే అమెరికా ఆదివాసుల ఊరు. ఇప్పుడేమో శనివారం పూట మొత్తం క్రికెట్! ఒక్క చోట కాదు, పక్కపక్కనే పిచ్‌లు, తెల్ల బట్టల్లో పెద్దమనుషులు, ఒక మ్యాచ్ ఫీల్డరు ఇంకో మ్యాచ్ బౌండరీలో నిలబడి ఉన్నాడు. అమెరికాలో ఇంత క్రికెట్ చూస్తానని అనుకోలేదు. ఒక చెట్టు కింద కుర్చీలు, ఐస్ పెట్టెలు, స్పీకర్లో పాటలు, అంపైరింగ్ మీద తగువు. తగువు మాత్రం ఏ దేశంలో అయినా ఒకటే.

ఆ చెట్టు కింద గయానా నుంచి వచ్చిన ఒక పెద్దాయన స్కోరు రాస్తున్నాడు. నన్ను చూసి ఇండియాలో ఎక్కడ అని అడిగాడు. ఆంధ్రా అన్నాను. "మద్రాసుకు దగ్గరా?" "దానికి కాస్త పైన." అంతే, పెన్ను పక్కన పెట్టేశాడు. వాళ్ళ అమ్మ తరఫువాళ్ళు 'మదరాసీలు'. చెరకు తోటల్లో పని చేయడానికి 1838లో కలకత్తా నుంచి మొదటి ఓడలు బ్రిటిష్ గయానాకి పోతే, 1840లలోనే మద్రాసు నుంచి కూడా మొదలయ్యాయి. వాటిలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ వెళ్ళారు. వాళ్ళ ముత్తాత ఇంట్లో ఏ భాష మాట్లాడేవాడో ఈయనకి తెలియదు, ఇప్పుడు ఇంట్లో ఎవరికీ అందులో ఒక్క ముక్కా రాదు. మారియమ్మ పూజ మాత్రం వదల్లేదట, వేపాకు దొరక్కపోతే ఎక్కడి నుంచో తెప్పించి మరీ చేస్తారట. నాకు గుంటూరు, నెల్లూరు, ఏవేవో పేర్లు చెప్పి చూడాలనిపించింది, చెప్పాను కూడా. ఆయన ఒక్కోదానికీ తల అడ్డంగా ఊపి, ఆఖరికి "మ్యాచ్ చూడు" అన్నాడు.

వాళ్ళావిడ కాగితపు సంచీలో పోసి అమ్ముతున్నవి ఫులౌరీ. పసుపు బఠాణీ పప్పు పిండితో వేసిన వేడి వేడి ఉండలు, మన పునుగులకి వరసకి చెల్లెలు. పక్కన మామిడికాయ పుల్లటి చట్నీ, అందులో గయానా మిరపకాయ, అది మాత్రం మన మిరపకి పెద్దక్క. సంచీ అయిదు డాలర్లు. రెండోది కొనబోతే డబ్బు తీసుకోలేదు. ఇస్తానంటే కోప్పడింది.

మైదానానికి దక్షిణంగా వాన్ కోర్ట్‌లాండ్ ఇల్లు. 1748లో కట్టడం మొదలైంది, బ్రాంక్స్‌లో మిగిలిన ఇళ్ళలో ఇదే పాతది, 1897 నుంచీ మ్యూజియం. నేను వెళ్ళేసరికి లోపలికి వెళ్ళే వేళ కాదు, బయట నుంచే చూశాను. మొరటు రాతి గోడలు, కిటికీల చుట్టూ ఇటుక వరస, కిటికీ పైన నడిమి రాయి మీద చెక్కిన వికారపు మొహాలు. కట్టించిన ఫ్రెడరిక్ వాన్ కోర్ట్‌లాండ్ ఆ ఇంట్లో ఉండకుండానే 1749లో పోయాడు. ఆయన వీలునామాలో పొలం, పశువులతో పాటు మనుషులూ ఉన్నారు. పియెరో అనే బానిస గురించి ప్రత్యేకంగా రాశాడు, ఎందుకంటే మర నడిపేది అతనే. గోధుమ పిండి ఆడి ఓడలకెక్కించి ఈ కుటుంబం బాగుపడింది. ఆ పనంతా చేసినవాళ్ళకి మాత్రం చెరువుకి దగ్గర్లో కాస్త గడ్డి జాగా మిగిలింది. 1870ల్లో రైలు పట్టాలు వేస్తుంటే అక్కడ ఎముకలు బయటపడ్డాయి. 2021లో ఆ చోటికి 'బానిసలుగా బతికిన ఆఫ్రికన్ల శ్మశానం' అని పేరు పెట్టి బోర్డు నాటారు. యజమానుల సమాధి వేరే, ఉత్తరాన గుట్ట మీద, చుట్టూ ఇనప కంచెతో. ఆ గుట్టకి 'వాల్ట్ హిల్' అని పేరు. 1776లో నగర గుమాస్తాగా ఉన్న అగస్టస్ వాన్ కోర్ట్‌లాండ్, స్వతంత్ర యుద్ధంలో కాలిపోకుండా న్యూయార్క్ రికార్డులన్నీ తెచ్చి ఆ సమాధి గదిలోనే దాచాడు. సర్కారు కాగితాలకి అంతకన్నా భద్రమైన చోటు దొరకదు మరి, ఎవరూ తీసి చదవరు. గుట్ట ఎక్కాను, హైస్కూలు పిల్లలు పరుగు ప్రాక్టీసులో రొప్పుతూ నన్ను దాటి పోయారు.

సెప్టెంబరు 14, ఆదివారం: బ్యాగు మోసిన రోజు

తెల్లారగట్ల అయిదింటికి బావగారు లేపారు. క్లబ్‌హౌస్ చెరువు పక్కనే ఉంది. పేరుకి క్లబ్‌హౌస్ గానీ క్లబ్బు దర్జా ఏమీ లేదు, ఎవరు వచ్చి కూర్చున్నా అడిగేవాడు లేడు. అప్పటికే జనం. కొరియా ముసలాళ్ళు నలుగురు చేతులకి తెల్ల గ్లవ్స్ తొడుక్కుంటూ, ఇద్దరు డొమినికన్ కుర్రాళ్ళు కాఫీ తాగుతూ, ఒకతను తలుపు దగ్గర కోడిగుడ్ల అట్టపెట్టెలో పాత బంతులు పేర్చి ఒక్కోటి డాలరుకి అమ్ముతూ ఉన్నారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు అక్కడే కొంటారు, ఎలాగూ పోయే బంతే కదా. నగరంలో ఉండేవాళ్ళకి ఫీజులో తగ్గింపు ఉంది, అయినా బావగారికి ఆ ఆదివారం యాభై డాలర్లు దాటింది. బ్యాటరీ బండికి ఇంకా అదనం. అందుకని సంచీ నా భుజానికెక్కింది. "బామ్మర్ది ఉన్నది ఎందుకు?" అని ఆయన వాదన. ఆడనివాడు వెంట నడవొచ్చా అని అడిగితే కౌంటరు దగ్గరి పెద్దమనిషి నన్ను పై నుంచి కింద దాకా చూసి, ఈసారికి సరే అన్నాడు.

ఇద్దరే వస్తే ఇద్దరినే ఆడనివ్వరు, ముక్కూ మొహం తెలియనివాళ్ళతో కలిపి నలుగురిని చేసి పంపుతారు. అది నాకు బాగా నచ్చింది. మాతో కలిసినవాళ్ళలో ఒకాయన నిజంగానే రిటైరైన బస్సు డ్రైవరు, జమైకా నుంచి చిన్నప్పుడు వచ్చాడు. ఇంకొకామె నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చిన నర్సు, ఇంకా నేర్చుకుంటోంది. చేతులు కలిపి పేర్లు చెప్పుకోవడం అయ్యాక నాకు పాఠాలు మొదలయ్యాయి. కొట్టేవాడి వెనకాల నిలబడకూడదు, బంతికీ గుంటకీ మధ్య నీ నీడ పడకూడదు, కర్ర ఎత్తాక దగ్గకూడదు. దగ్గు వచ్చింది. బావగారి చూపు చూడాలి అప్పుడు!

మొదటి టీ దగ్గర, అంటే తొలి బంతి కొట్టే చోట, అరగంట వరసలో నిలబడ్డాం. ఆ వరస పద్ధతికి మూలం ఇక్కడే ఉందట. మొదట్లో ఇది తొమ్మిది గుంటల మైదానం, మొత్తం 2,561 గజాలు. గోల్ఫ్ భాషలో గుంట అంటే బంతి కొట్టడం మొదలెట్టే చోటు నుంచి అది పడాల్సిన గుంట దాకా ఉన్న దారంతా. రివర్‌డేల్ వైపు డబ్బున్నవాళ్ళు కొందరు పార్కులో తమకో గోల్ఫ్ మైదానం కావాలని అడిగితే, పార్కుల శాఖ ఇచ్చేదేదో అందరికీ ఇస్తామంది. ఎనిమిది గుంటలు రెండొందల గజాల లోపలవి, తొమ్మిదోది మాత్రం ఏడొందల గజాలు, రాతి గోడలు, సెలయేళ్ళు దాటుకుంటూ కొట్టాలి. జనం ఎగబడ్డారు, ఒకరి బంతి ఇంకొకరికి తగిలే పరిస్థితి. అప్పుడు టామ్ బెండెలో అనే స్కాట్లాండ్ మనిషి వచ్చాడు. స్వతహాగా పత్రికలో అక్షరాలు పేర్చే టైప్‌సెట్టరు. 1899లో దీన్ని పద్దెనిమిది గుంటలు చేసి, ఎవరు ఎన్నింటికి మొదలెట్టాలో టైము రాసివ్వడం, మైదానంలో తిరిగి నిదానంగా ఆడేవాళ్ళని తొందరపెట్టే మనిషిని పెట్టడం లాంటి ఏర్పాట్లు తెచ్చాడు. ఆ మనిషి ఇప్పటికీ ఉన్నాడు, బండి మీద వచ్చి మమ్మల్ని రెండుసార్లు గదమాయించి వెళ్ళాడు. ఆ తర్వాత బెండెలో దేశమంతా తిరిగి వందల కోర్సులు గీశాడు.

ఆరొందల గజాలు దాటిన గుంటలు ఇందులో రెండున్నాయి. మొదటిది రెండో గుంటే. అయిదు దెబ్బల్లో ముగించాలట. బావగారు ఎనిమిదికి పూర్తి చేసి తొమ్మిది కాలేదు కదా అన్నారు. డ్రైవరుగారు కొట్టిన మొదటి బంతి అడవిలోకి పోతే, "అది లెక్కలోకి రాదు, నేనింకా నిద్ర లేవలేదు" అని ఇంకోటి తీశాడు. ఎవరూ ఏమీ అనలేదు. స్నేహితుల మధ్య ఒక తప్పు మాఫీ అన్నది ఇక్కడ రాయని రూలు. బేస్‌బాల్ బేబ్ రూత్ ఈ మైదానంలో ఆడేవాడని ఆయన గర్వంగా చెప్పాడు. రూత్ బేస్‌బాల్ ఆడిన యాంకీ స్టేడియం కూడా బ్రాంక్స్‌లోనే కదా, దగ్గర మరి.

ఆట వదిలేసి నేను చుట్టూ చూడటం మొదలుపెట్టాను, భుజం నొప్పి మర్చిపోవడానికి. గడ్డి మరీ పట్టుపరుపులా ఏమీ లేదు, అక్కడక్కడ బోసి మట్టి, అడుగు వేస్తే కెనడా బాతుల రెట్ట. ఓక్ చెట్ల కింద బద్దలైన కాయలు, ఒకచోట అడవి ద్రాక్ష తీగ కంచెని మింగేసింది. దాని పక్కనే మూడేసి ఆకుల మొక్క కనపడితే నర్సు నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. పాయిజన్ ఐవీ, ముట్టుకుంటే వారం రోజులు దురద, బొబ్బలు. బంతి అందులో పడితే డ్రైవరుగారు వదిలేస్తారు, బావగారు కర్రతో లాగి తీస్తారు. పైన ఎర్రతోక డేగ ఒకటి గాలిలో ఆగి ఆగి తిరుగుతోంది. ఇన్ని ఉన్నా ఒక్క నిమిషం కూడా మేజర్ డీగన్ చప్పుడు వదల్లేదు. 1930లలో, ఆ తర్వాత, నగరంలో రోడ్లూ పార్కులూ తన చేతిలో పెట్టుకున్న అధికారి రాబర్ట్ మోజెస్ హయాంలో వేసిన రోడ్లు ఇవన్నీ. గోల్ఫ్ గుంటలూ వాటికోసం జరిగాయి, చిత్తడి నేలా పోయింది.

ఒక చోట చిన్న వంతెన దాటాం, కింద రెల్లు, మధ్యలో సన్నగా నీళ్ళు. "ఇదేం కాలువ బావగారూ?" అంటే, "నా బంతులు దాచుకునే బ్యాంకు" అన్నారు. పేరు తెలియదు ఆయనకి. ఎన్నో ఏళ్ళుగా ఆడుతున్నారు, పేరు తెలియదు. డ్రైవరుగారు చెప్పాడు, టిబెట్స్ బ్రూక్ అని. ఆట ముగిసేసరికి పన్నెండు దాటింది, ఆరు డాలర్ల హాట్‌డాగ్ తిని ఇంటికొచ్చి పడుకున్నవాణ్ణి సాయంత్రం దాకా లేవలేదు.

సెప్టెంబరు 15, సోమవారం: చెరువు, పాత రైలు బాట

ఇవాళ ఒక్కణ్ణే వెళ్ళాను, వాగు కోసం. ఉత్తరాన పక్క ఊరు యాంకర్స్‌లో పుట్టి దక్షిణానికి వస్తుంది, రెల్లులోంచి, గోల్ఫ్ కోర్సు పక్క నుంచి చెరువులోకి. ఆ చెరువు కూడా సొంతంగా పుట్టింది కాదు. 1699లో జాకోబస్ వాన్ కోర్ట్‌లాండ్ వాగుకి అడ్డంగా ఆనకట్ట వేయించాడు, పిండి మర, రంపపు మిల్లు తిరగడానికి. బ్రాంక్స్‌లో మంచినీటి చెరువుల్లో ఇదే పెద్దది, పదహారెకరాలు. ఒకప్పుడు శీతాకాలం ఇది గడ్డకడితే జనం స్కేటింగ్‌కి వేల మంది వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఒండ్రు పట్టి లోతు పోయింది, ఒక మూల ఆకుపచ్చ తెట్టు. అయినా జీవం ఉంది. నీళ్ళలో పడిన దుంగ మీద తాబేళ్ళు ఎండకి మెడలు చాచి వరసగా ఉన్నాయి, చెవుల దగ్గర ఎర్ర చార ఉన్నవి ఎక్కువ. అవి ఇక్కడివి కావు, ఇళ్ళలో పెంచుకుని విసుగొచ్చి వదిలేసినవాళ్ళ పుణ్యం. నీలి కొంగ ఒకటి ఒంటికాలి మీద నిలబడి ఉంది, లకుముకి పిట్ట ఒకటి గోల చేసుకుంటూ ఇటూ అటూ తిరిగింది. గట్టు మీద గాలం వేసిన కుర్రాడు చేతి వెడల్పు చేప లాగి, కొలిచి, ఫొటో తీసి, మళ్ళీ నీళ్ళలో వదిలేశాడు. నగరపు చెరువుల్లో పట్టిన చేప ఇంటికి తీసుకెళ్ళకూడదని రూలు. "మరి ఎందుకు పట్టడం?" అన్నాను. "మరి వాళ్ళెందుకు గుంటలో వేసిన బంతిని మళ్ళీ తీస్తారు?" అని గోల్ఫ్ వాళ్ళ వైపు చూపించాడు.

చెరువు దక్షిణపు కొసకి వెళ్తే వాగు అక్కడితో సరి. నీళ్ళు గొట్టంలోకి దిగిపోతాయి. 1912లో దాన్ని భూమిలోకి పంపి బ్రాడ్‌వే కింది మురుగు కాలువలో కలిపారు. మంచినీళ్ళు, రోజుకి నలభై, యాభై లక్షల గ్యాలన్లు, మురుగుతో పాటు శుద్ధి కేంద్రానికి పోతాయి. వాన గట్టిగా పడితే కాలువ పట్టక మురుగు హార్లెం నదిలోకి పొర్లుతుంది. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుపాను వానకి మేజర్ డీగన్ రోడ్డే నదైంది, కార్లు, లారీలు సగం దాకా మునిగిన ఫొటోలు చాలామంది చూసే ఉంటారు.

అక్కడ రైలింగ్ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. మాది సింగ్‌నగర్. 2024లో అదే సెప్టెంబరు 1న బుడమేరు మా వీధిలోకి వచ్చింది, ఫ్రిజ్జు హాల్లో తేలింది, మేడ మీద ఉన్నాం కాబట్టి బతికాం. వాగు దారిలో ఇళ్ళు కట్టేసి ఇది కాలువే కదా అనుకున్నాం మేమూ. వాగుకి మాత్రం దాని దారి గుర్తుంటుంది. న్యూయార్క్ వాళ్ళు ఇప్పుడు ఆ దారి తిరిగి ఇద్దామని చూస్తున్నారు. పాత రైలు పట్టాల జాగా 2023లో 1.12 కోట్ల డాలర్లకి కొన్నారు, అందులోంచి వాగుని మళ్ళీ వెలుతురులోకి తీసి నదిలో కలపాలని. డబ్బున్న దేశం కదా, అంటారేమో. ఖర్చు సంగతి కాదు, వందేళ్ళ తర్వాతైనా వాగు అని ఒప్పుకున్నారు, నాకు అది కావాలి.

అదే రైలు మార్గం పార్కులో ఇప్పుడు నడక బాట. పేరు పుట్నం లైను, ముద్దుగా 'పుట్'. 1958లో ప్యాసింజర్ రైళ్ళు ఆగిపోయాయి. మట్టిబాటగానే ఉంచాలని కొందరు పట్టుబట్టారట గానీ తారు పరిచేశారు. సైకిళ్ళు చెవి పక్క నుంచి రయ్యిమని పోతాయి, గంట కొడతారు, తప్పుకోకపోతే అరుస్తారు. పాత స్టేషను ప్లాట్‌ఫాం కప్పు తాలూకు ఇనప చట్రం ఒక్కటే తుప్పు పట్టి నిలబడి ఉంది. ఇంకాస్త ముందుకెళ్తే బాట పక్కన పొదల్లో రాతి స్తంభాలు వరసగా, ఒక్కోటి ఒక్కో రాయి. ఏదో స్మారకం అనుకుని దగ్గరికెళ్ళాను. గ్రాండ్ సెంట్రల్ స్టేషను కట్టే ముందు ఏ రాయి ఎండకి, వానకి, మంచుకి ఆగుతుందో చూద్దామని తెచ్చి నిలబెట్టిన నమూనాలట! ఇండియానా సున్నపురాయిని ఎంచుకున్నారు, స్టేషను 1913లో తెరిచారు, నమూనాలు తీసుకెళ్ళడం మాత్రం మర్చిపోయారు. వందేళ్ళు దాటి పరీక్ష ఇంకా నడుస్తూనే ఉంది. ఒకదాని అంచు పొరలు పొరలుగా ఊడుతోంది, దాని పక్కది చెయ్యి పెడితే నున్నగా, చల్లగా, నిన్న దించినంత కొత్తగా ఉంది.

మధ్యాహ్నం బ్రాడ్‌వే మీద పిజ్జా కొట్లో ఒక ముక్క మూడున్నర డాలర్లు. నిలబడే తినాలి, మడిచి తినాలి. ఫోర్కు అడిగితే కొట్టువాడు ఇచ్చాడు గానీ పక్కనవాళ్ళకి నన్ను చూపించి మరీ ఇచ్చాడు.

సెప్టెంబరు 16, మంగళవారం: ఇంటి వెనకాల

చివరికి మిగిలింది అక్కావాళ్ళ వీధి చివరే ఉన్న ముక్క. ఇదే పార్కులో రెండో గోల్ఫ్ కోర్సు ఉంది, మొషోలు, 1914 నాటిది. దాని ప్రాక్టీసు మైదానం చూస్తే గడ్డి కప్పిన మామూలు దిబ్బ. దాని కింద ఉన్నది నగరపు నీటి శుద్ధి కేంద్రం. క్రోటన్ జలాశయం నుంచి వచ్చే నీళ్ళని రోజుకి 29 కోట్ల గ్యాలన్ల దాకా వడగట్టగలిగే ప్లాంటు, మూడు వందల కోట్ల డాలర్లు మించిన ఖర్చు, 2015లో మొదలైంది. పైన తొమ్మిదెకరాల పచ్చని కప్పు, దాని మీద జనం బకెట్ల కొద్దీ బంతులు కొడుతుంటారు.

ఇది ఊరికే రాలేదు. పార్కు జాగా తీసుకోవద్దని ఇక్కడివాళ్ళు కోర్టుకెళ్ళారు. 2001లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం, శాసనసభ ఒప్పుకోకుండా పార్కుని వేరే పనికి వాడటానికి వీల్లేదంది. నగరం శాసనసభకి వెళ్ళి 2003లో ఒప్పించుకుంది, బదులుగా బ్రాంక్స్ పార్కులకి రెండొందల మిలియన్ డాలర్లు ఇస్తామంది. శనివారం నేను చూసిన క్రికెట్ మైదానం బాగుపడింది ఆ డబ్బుతోనే. పక్కింటి ప్యూర్టో రికో ముసలావిడకి ఇంకా కోపం తగ్గలేదు. ఏళ్ళ తరబడి పేలుళ్ళు, దుమ్ము, లారీలు మాకు, క్రికెట్ అవతలివాళ్ళకి అంటుంది. ఆవిడ లెక్క ఆవిడది, కాదనలేం.

అక్కడి నుంచి పాత క్రోటన్ జలమార్గం మీది కాలిబాట పట్టుకున్నాను. 1842లో పూర్తయింది, 41 మైళ్ళు, మోటార్లు లేవు, పంపులు లేవు, మైలుకి అడుగు కన్నా కాస్త ఎక్కువ వాలు ఇచ్చి నీటిని నగరం దాకా నడిపించారు. తవ్వినవాళ్ళలో ఐర్లండ్ కూలీలు ఎక్కువ. బాట కింద ఇటుక సొరంగం ఇంకా ఉంది, మధ్యలో రాతితో కట్టిన చిన్న గది, తలుపులకి రేకులు కొట్టేశారు. ఎక్కడా మనిషి లేడు, ఆకుల మీద ఉడతల పరుగులు తప్ప ఏమీ లేదు. కొయొటేలు, అంటే నక్కల్లాంటి అడవి జంతువులు, తిరుగుతాయని బోర్డు ఉంది, కనపడలేదు. కనపడితే ఏం చేయాలో మాత్రం బోర్డు మీద మొత్తం చదివాను.

పార్కు ఈశాన్య మూల ఇండియన్ ఫీల్డ్. పిల్లల ఆటస్థలం పక్కన రాళ్ళ కుప్పలా కట్టిన స్మారకం, 1906లో పెట్టింది. 1778 ఆగస్టు 31న బ్రిటిష్ గుర్రపు దళం ఇక్కడ ఆదివాసుల నాయకుడు డేనియల్ నిమ్‌హామ్‌నీ, అతనితో ఉన్న స్టాక్‌బ్రిడ్జ్ ఇండియన్లనీ (మన ఇండియా వాళ్ళు కాదు, అమెరికా ఆదివాసులు) నరికి చంపింది. అమెరికా స్వతంత్రం కోసం పోరాడుతూ చచ్చిపోయారు, అంతకుముందే వాళ్ళ భూములన్నీ పోయాయి. రాతి మీద 'స్వేచ్ఛ కోసం' అని రాశారు. ఎవరి స్వేచ్ఛో చదివేవాళ్ళే అనుకోవాలి. ఒక తాత మనవడికి ఆ రాళ్ళెక్కడం నేర్పిస్తున్నాడు.

రోడ్డు దాటితే కటోనా ఎవెన్యూ. నాలుగు వీధుల మేర ఐర్లండ్. పబ్బుల కిటికీల్లో వాళ్ళ ఆటల జెర్సీలు, బేకరీలో అందరూ అందరినీ పేరు పెట్టి పలకరింపు. నన్నూ "వాట్ కెన్ ఐ గెట్ యూ, లవ్" అని పలకరించింది కౌంటరు ఆవిడ, నాకు యాభై రెండేళ్ళు. పాలు పోసిన చిక్కటి టీ, సాసేజ్ రోలు, కలిపి తొమ్మిది డాలర్లు చిల్లర. టీ బాగుంది, అమెరికాలో అడుగుపెట్టాక మొదటిసారి టీ అనిపించే టీ తాగాను. అక్క కోసం గోధుమ సోడా బ్రెడ్ ఒకటి, ఏడు డాలర్లు, ఇటుకంత బరువు.

అక్క డ్యూటీ దిగి వచ్చి బ్రెడ్ కోస్తూ ఎక్కడెక్కడ తిరిగావురా అని అడిగింది. చెరువు, గొట్టం, మురుగు కాలువ, శుద్ధి కేంద్రం అని చెప్పుకొచ్చాను. "ఒరేయ్, ఎనిమిది వేల మైళ్ళు ఎగిరొచ్చి డ్రైనేజీ చూసొచ్చావా?" అంది. బావగారు టీవీలో గోల్ఫ్ చూస్తూ, ఆ వాగు పేరేంటన్నావు అని మళ్ళీ అడిగారు.